గుణుపురం దగ్గర కొండబండ మీద పాత చెక్కడాలు: క్వారీ వేలంలోకి పోకముందే ఏం చేయాలి?

వంశధార తీరం (గుణుపురం, రాయగడ జిల్లా) అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను గుణుపురానికి దగ్గరలోని ఒక పల్లెలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. పల్లె పేరు, కొండ పేరు కావాలనే రాయడం లేదు.

మా బడి వెనక కొండవాలు మీద ఇల్లంత నల్లబండ ఒకటి ఉంది. దాని తూర్పు ముఖం మీద మూపురం ఉన్న ఎద్దులు, వాటి పక్కన కర్రలు పట్టుకున్నట్టున్న మనుషులు, ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు, అడుగుభాగాన వరుస అంటూ లేని చిన్నచిన్న గుంటలు కనిపిస్తాయి. ఎద్దు ఒళ్ళు గీత ఒక్క కోతగా లేదు. చూపుడువేలంత వెడల్పున, పక్కపక్కనే పొడిచిన చుక్కలన్నీ కలిసిపోయి గీతగా ఏర్పడినట్టు ఉంటుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు కొమ్ముల వంపు సైతం లెక్కపెట్టినట్టు తెలుస్తుంది. పొద్దెక్కితే అక్కడ బొమ్మలున్నాయని చెప్పినా ఎవరూ నమ్మరు. ఊరి సవర పెద్దలు ఏడాదికొకసారి ఆ బండ కింద దీపం పెట్టి, పసుపు కుంకుమ పూస్తారు. మిగతా రోజుల్లో పశువుల కాపరులు దాని నీడన కూర్చుంటారు, పిడకలు కూడా దానిమీదే ఆరుతాయి.

ఇటీవల కొందరు వచ్చి ఆ వాలంతా కొలతలు వేసి, చుట్టుపక్కల బండల మీద సున్నంతో గుర్తులు పెట్టి వెళ్ళారు. తహసీలు వారు ఆ కొండను రాతి సైరాత్ (వేలం వేసే ప్రభుత్వ వనరుల) జాబితాలో చేర్చబోతున్నారని ఊళ్ళో అనుకుంటున్నారు. ఆ బొమ్మలు నిజంగా చరిత్రకు ముందు కాలానివే అని నాబోటివాడు ఎలా తేల్చుకోవాలి? ఎవరికి, ఏ చట్టం కింద దరఖాస్తు పెట్టాలి? పత్రికలవారికి, యూట్యూబ్ వారికి ముందుగా చెబితే మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? ఏడాది దీపాన్ని ఆపమని ఊరివారిని అడగవలసి వస్తుందేమోనన్న సంకోచం కూడా ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

రాళ్ళబాట (రాయగడ) సమాధానం

మాస్టారూ, నేను భూవిజ్ఞాన శాఖలో పనిచేసి విరమణ పొందినవాణ్ణి, కనుక రాయి దగ్గరనుంచే మొదలుపెడతాను. మన జిల్లాలో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్. కోంధు గిరిజనుల పేరు మీదనే దానికి ఆ పేరు పెట్టారు. కోణార్క ఆలయంలోనూ ఎక్కువగా వాడింది ఆ రాయినే. వానకూ ఎండకూ అది త్వరగా పొడిబారి, పైపొర రేగిపోతుంది. కోణార్క శిల్పాల ముఖాలు అరిగిపోవడానికి సముద్రపు గాలితోపాటు రాయి స్వభావం కూడా కారణమే. అందుచేత ఖోండలైట్ మీద ఆరుబయట వేల ఏళ్ళ గీతలు స్పష్టంగా నిలిచాయని ఎవరైనా అంటే నేను వెంటనే ఒప్పుకోను. మీరు చెప్పిన నల్లబండ చార్నోకైట్ గానీ డోలరైట్ గానీ అయితే సంగతి వేరు. ఆ రాళ్ళు గట్టివి, పైన పట్టిన తుప్పురంగు పొర చాలాకాలం నిలుస్తుంది, దాన్ని పొడిచిన గుర్తులు కూడా అంతే. బండనుంచి ఇప్పటికే ఊడిపడిన చిన్న పెచ్చు ఏదైనా కింద దొరికితే, దాని లోపలి ముఖం చూడండి. పట్టీల్లాంటి చారలు, మెరిసే ఎర్రటి గోమేదకపు గింజలు, తెల్లని మట్టిగా మారే భాగాలు కనిపిస్తే ఖోండలైట్ అనుకోవచ్చు. పెచ్చు కోసం బండను మాత్రం కొట్టవద్దు.

తరవాత గీతలోని పొడుపును చూడాలి. ఇనుప ఉలితో చెక్కిన గాడి లోతుగా, అంచులు పదునుగా, అడుగు సన్నగా దిగి ఉంటుంది. రాతితో రాతిని పొడిచినప్పుడు పడే గుంట లోతు తక్కువగా, గుండ్రంగా, అంచులు నలిగి ఉంటుంది. మామూలు భూతద్దంతోనే ఈ తేడా తెలుస్తుంది. రెండోది రంగు. కొత్తగా పొడిచిన చోట రాయి లేతగా తెల్లబడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ చుట్టూ ఉన్న బండరంగులోకి దిగుతుంది. ఎద్దు గీత కూడా బండతో సమానంగా నల్లబడి, దాని మీదుగా ఎవరో గీసిన పేరు మాత్రం తెల్లగా ఉంటే, ఎద్దు ఆ పేరుకంటే చాలా ముందుదని చెప్పవచ్చు. ఎంత ముందుది అన్నది రంగు చెప్పదు. రంగు పూసిన బొమ్మల్లో బొగ్గు, జిగురు వంటి సేంద్రియ పదార్థం దొరికితే కాలనిర్ణయానికి కొంత ఆధారం ఉంటుంది. పొడిచిన బొమ్మకు ఆ అవకాశం సాధారణంగా ఉండదు. అందుకే దగ్గరలో దొరికే రాతి గొడ్డళ్ళు, కుండపెంకులు, బొమ్మల మీద బొమ్మలు పడిన వరుస, ఇతర చోట్ల ఇటువంటి బొమ్మలతో పోలిక, వీటన్నిటినీ కలిపి చూసే కాలాన్ని అంచనా వేస్తారు.

పోలికకు మనకు దగ్గరైనది బళ్ళారి పక్కన సంగనకల్లు దగ్గరి కుప్పగల్లు కొండ. అక్కడ డోలరైట్ బండల మీద పొడవు కొమ్ముల మూపురం ఎద్దులను పొడిచారు, వాటిలో ఎక్కువ భాగాన్ని పండితులు కొత్తరాతియుగానికి చేర్చుతారు. కొన్ని బండలను రాయితో తడితే గంటలాగా మోగుతాయి కూడా. వ్యాపార క్వారీ ఆ కొండలో కొంత భాగాన్ని మింగేసింది. ఒడిశాలో ఝార్సుగుడ జిల్లా విక్రమఖోల్‌లో గీతలూ రంగులూ కలిసి ఉన్నాయి. 1933లో కె.పి. జయస్వాల్ వాటిలో లిపి ఉన్నదని, అది సింధు లిపికీ బ్రాహ్మీకీ మధ్యదని వాదించారు. ఆ వాదాన్ని చాలామంది తరవాతివారు అంగీకరించలేదు. అంత పెద్ద పండితుడికే గీతల్లో అక్షరాలు కనిపించాయంటే, మనం మొదటి చూపులో తొందరపడకపోవడమే మంచిది.

గుంటల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. పద్నాలుగు గుంటలు ఏడేసి చొప్పున రెండు వరుసల్లో ఉంటే అది కాపరులు ఆడుకున్న వామనగుంటల పీట కావచ్చు. చదరంలో అడ్డుగీతలు, మూలగీతలు ఉంటే పులిమేక ఆట. నున్నగా, దోసిలి పట్టేంత లోతుగా ఉంటే ధాన్యం దంచుకున్న రోలుగుంట. ఒకే ఎడంతో సూటి వరుసలో ఉంటే ఎవరో రాయి చీల్చడానికి మేకులు దిగ్గొట్టిన గుర్తులు, అవి నిన్నమొన్నటివి కూడా కావచ్చు. మీరు చెప్పినట్టు వరుస లేని చిన్న గుంటలు నిటారు ముఖం మీద ఉంటే మాత్రం ఆశ పెట్టుకోవచ్చు, ఎందుకంటే నిటారు బండ మీద ఎవరూ వడ్లు దంచరు, ఆటా ఆడరు.

మీ వైపు సవరల ఇళ్ళ గోడల మీది ఇడితాల్ బొమ్మలకూ ఈ బండకూ చుట్టరికం కలపాలని చాలామందికి బుద్ధి పుడుతుంది. మనుషుల ఆకారాలు పైకి ఒకలా కనిపించవచ్చు. ఆ పోలిక ఒక్కటే ఆధారంగా వేల ఏళ్ళ వంశావళి కట్టడం సరికాదు.

జయపురం నుంచి (కోరాపుట్ జిల్లా) సమాధానం

మాస్టారూ, రాళ్ళబాట గారు చెప్పిన పరిశీలన అవసరమే గాని, మీ ముందున్న గడువు వేలంపాటది. బొమ్మల వయసు తేలేదాకా ఆగితే తేల్చడానికి బండ మిగలకపోవచ్చు. నేను రెవెన్యూ కేసులు చూసే న్యాయవాది దగ్గర పనిచేస్తాను, కనుక నాకు తెలిసినంతవరకు భూమి కాగితాల వైపునుంచి చెబుతాను.

ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఆ కొండ ప్లాటు నంబరు వెతికి, అది ఏ ఖాతాలో, ఏ కిస్సంగా (భూమి రకంగా) ఉందో ముందు చూడండి. రిజర్వు అడవి అయితే కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా అక్కడ రాయి తీయడం కుదరదు, మీ మొదటి దరఖాస్తు అటవీ విభాగాధికారికి (డీఎఫ్ఓకు) పోవాలి. 'అబాద్ అజోగ్య అనాబాది' (సాగుకు పనికిరాని ప్రభుత్వ భూమి) ఖాతాలో ఉంటే తహసీల్దారు దాన్ని సైరాత్‌గా వేలం వేయగలరు, ప్రమాదమంతా ఇక్కడే ఉంది. 'రక్షిత' (ప్రత్యేక అవసరాలకు కేటాయించినది) లేక 'సర్వసాధారణ' (ఊరి ఉమ్మడి భూమి) ఖాతా అయితే మీ చేతికి కొంత బలం వస్తుంది.

రాయగడ జిల్లా అంతా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. అటువంటి ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకు గానీ, వేలం ద్వారా ఇచ్చే రాయితీకి గానీ గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. తమ ఆచారాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం కూడా అదే చట్టం గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షను, అడవివాసుల సాంస్కృతిక, సహజ వారసత్వానికి హాని చేసే పనులనుంచి వారి నివాసప్రాంతాన్ని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇస్తుంది. ఇవి కాగితం మీది మాటలని మీకు అనిపిస్తే బాక్సైటు గని కోసం అడిగిన నియంగిరి కొండను గుర్తు చేసుకోండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తరవాత రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లీసభలు (పల్లెస్థాయి గ్రామసభలు) కూర్చున్నాయి, పన్నెండూ బాక్సైటు తవ్వకాన్ని కాదన్నాయి. ఆ కొండ మీద వారికున్న మతపరమైన, సాంస్కృతికమైన హక్కే అక్కడ ప్రధాన చర్చ అయింది.

కనుక మీ పల్లీసభ తీర్మానంలో రెండు విషయాలు విడివిడిగా ఉండాలి: ఆ బండ దగ్గర ఏటా పూజ జరుగుతుందని, ఆ బండ మీద పాత చెక్కడాలు ఉన్నాయని. పురావస్తు శాఖ వచ్చి చెక్కడాలు ఇటీవలివేనని తేల్చినా, పూజ ఆధారంగా వచ్చిన హక్కు చెక్కుచెదరదు. మీరు సంకోచిస్తున్న ఆ ఏడాది దీపమే చట్టం ముందు మీకు గట్టి సాక్ష్యం, దాన్ని ఆపించే ప్రయత్నం దయచేసి చేయకండి.

జిల్లాలో ఎక్కడెక్కడ రాయి తీయవచ్చో చెప్పే జిల్లా సర్వే నివేదిక ముసాయిదాను జిల్లా వెబ్‌సైటులో 21 రోజులు ప్రజల అభిప్రాయానికి ఉంచాలని 2016 పర్యావరణ ప్రకటన చెబుతోంది. ఆ ముసాయిదాలో మీ ప్లాటు ఉంటే గడువులోగా అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. మా అనుభవంలో ఆ ముసాయిదాను చదివేవారు కాంట్రాక్టర్లే, ఊరివారు చదవడం అరుదు. సమాచార హక్కు చట్టం కింద సైరాత్ జాబితా, ఆ ప్లాటు కొలతల నివేదిక అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

ఇక పురావస్తు చట్టాల సంగతి. 1958 కేంద్ర చట్టం ప్రాచీన కట్టడాల నిర్వచనంలో గుహలను, రాతి శిల్పాలను, శాసనాలను చేర్చింది, కనీసం వంద ఏళ్ళు నిండి ఉండాలన్నది షరతు. జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా ప్రకటించాలంటే ముందు రెండు నెలల గడువుతో నోటీసు ఇవ్వాలి. ప్రకటన వెలువడ్డాక మాత్రం రక్షణ గట్టిది: 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం; పాడుచేసినవారికి రెండేళ్ళదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా. దేశమంతటా ఈ జాబితాలో ఉన్నవి సుమారు 3,690 మాత్రమే. అందులో మీ బండ ఈ ఏడే చేరుతుందని నేను అనుకోను. రాష్ట్రానికి 1956 నాటి సొంత చట్టం ఉంది. అందువల్ల కలెక్టరుకు, భువనేశ్వర్‌లోని రాష్ట్ర పురావస్తు విభాగానికి, భారత పురావస్తు సర్వే సర్కిల్ కార్యాలయానికి ఒకే రోజు ఒకే దరఖాస్తు పంపండి. పరిశీలన పూర్తయ్యేవరకు ఆ ప్లాటును వేలంనుంచి మినహాయించాలని కలెక్టరును ఆ దరఖాస్తులోనే అడగండి. ప్రకటనకు ఏళ్ళు పట్టవచ్చు గాని, మినహాయింపుకు ఒక సంతకం చాలు.

ప్రాణహిత గట్టు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా) సమాధానం

ప్రచారం గురించి మాస్టారు అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. మా మహారాష్ట్రలో ఇందుకు పెద్ద ఉదాహరణ కొంకణ్ తీరప్రాంతం. రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాల్లో ఎర్రరాతి మైదానాల మీద నేలబారుగా చెక్కిన ఏనుగులు, ఖడ్గమృగాలు, చేపలు, మనుషులు వందల సంఖ్యలో ఉన్నాయి. కశేళి దగ్గరి ఏనుగు బొమ్మ ఒక్కటే సుమారు 18 మీటర్ల పొడవు ఉంటుంది. సుధీర్ రిస్‌బుడ్, ధనంజయ్ మరాఠే వంటి స్థానిక ఔత్సాహికులు ఊరూరా తిరిగి, కాపరులను, రైతులను అడిగి వాటిని నమోదు చేశారు. 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కొంకణ్ చెక్కడాలు చేరాయి, ఆ తొమ్మిది స్థలాల్లో గోవాలోని పన్సైమోల్ కూడా ఒకటి. అయినా తాత్కాలిక జాబితా తనంతట తానే ఏ బండకూ చట్టరక్షణ ఇవ్వదు. ఆ జాబితాలో ఉన్న బార్సు పరిసరాల్లోనే 2023లో చమురుశుద్ధి కర్మాగారం కోసం నేల పరీక్షలు జరిగాయి, పెద్ద ఆందోళన నడిచింది. కొంకణ్ చెక్కడాలకు వచ్చిన పేరు ముందు ఏళ్ళతరబడి చేసిన నమోదునుంచి వచ్చింది. మీ దగ్గర ఇంకా ఆ నమోదు లేదు.

వీడియో ముందు వచ్చి నమోదు తరవాత వస్తే ఏమవుతుందో చెబుతాను. గోదావరికి ఇటూ అటూ ఉన్న మా ప్రాంతంలో ఒక బండ గురించి వీడియో వచ్చిన కొద్ది వారాల్లోనే గీతలన్నీ సుద్దముక్కతో తెల్లగా దిద్ది కనిపించాయి. వచ్చినవారికి ఫొటోలో స్పష్టంగా పడాలట. దిద్దినవాడు తనకు కనిపించినదే దిద్దుతాడు, కాబట్టి ఎద్దుకు లేని ఐదో కాలు వస్తుంది, తరవాతి ఫొటోలన్నిటిలో ఆ ఐదో కాలే ఉంటుంది. ఆపైన గుప్తనిధుల వేటగాళ్ళు వచ్చి బండ మొదట్లో గొయ్యి తవ్వారు. బొమ్మ ఉన్నచోట నిధి ఉంటుందన్న నమ్మకం మనవాళ్ళలో ఎంత గట్టిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత ముందు మీరే పూర్తిగా నమోదు చేయండి. ఎండ ఏటవాలుగా పడే పొద్దుటిపూట తీయండి, లేదా చీకటి పడ్డాక టార్చిని బండకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేసి తీయండి. ప్రతి ఫొటోలో ఒక స్కేలు ఉండాలి. ఒక ఫొటోకూ పక్క ఫొటోకూ మూడింట రెండు వంతులు కలిసేలా వరుసగా తీస్తే, వాటినుంచి తరవాత ఎవరైనా కంప్యూటరులో త్రిమితీయ నమూనా చేయగలరు, అందుకు మామూలు ఫోను సరిపోతుంది. నీళ్ళు చల్లవద్దు, సుద్ద పూయవద్దు, పాచిని గోకవద్దు, కాగితం పరిచి రుద్ది అచ్చు తీయవద్దు. ఫొటోలోనే స్థలవివరాలు దాగి ఉంటాయి కనుక ఎవరికైనా పంపేముందు వాటిని తీసేయండి. స్థలవివరాలు ఉన్న మూలప్రతులు దరఖాస్తుతో అధికారులకు మాత్రమే వెళ్ళాలి.

జయపురం వారితో ఒక్కచోట విభేదిస్తాను. దీపాన్ని ఆపవద్దన్నారు, సరే. కానీ దీపాన్ని బొమ్మలకు ఆనించి పెడితే మసి పడుతుంది, మంట పెద్దదైతే వేడికి పైపొర పెచ్చులుగా లేస్తుంది, నూనెతో కలిసిన కుంకుమ పొడిచిన గుంటల్లోకి దిగితే తీయడం అసాధ్యం. పూజను బొమ్మలున్న ముఖంనుంచి నాలుగడుగులు పక్కకు జరపమని పెద్దలను అడగడంలో తప్పేముంది?

జయపురం నుంచి

అడగడంలో తప్పు లేదండీ, ఎవరు అడుగుతారన్నదే నా భయం. బయటినుంచి వచ్చిన మాస్టారో, అధికారో 'ఇక్కడ పెట్టకండి' అంటే, రేపు ఆ పెద్దలే తీర్మానం మీద వేలిముద్ర వేయడానికి వెనకాడతారు. ముందు తీర్మానం కానివ్వండి. ఫొటోలు తీసేటప్పుడు ఆ పెద్దలను వెంటబెట్టుకుని, టార్చి వెలుగులో బొమ్మలు వారికే చూపించండి. దీపం ఎక్కడ పెట్టాలన్నది వారి నోటినుంచే రావాలి.

వంశధార తీరం

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవాటిలో నావల్ల అయినవి చూసి వచ్చాను. బండ కింద పడి ఉన్న పెచ్చులో చారలు గానీ ఎర్రటి గింజలు గానీ లేవు. లోపల నల్లగా, సన్నని గింజతో గట్టిగా ఉంది. ఎద్దుల గీతలు బండరంగులోనే ఉన్నాయి. ఒక వలయం మీదుగా ఇంగ్లీషు అక్షరాలు రెండు గీసి ఉన్నాయి, అవి మాత్రం తెల్లగా ఉన్నాయి. గుంటలు నిటారు ముఖం మీదే ఉన్నాయి గాని, బండ పైభాగాన ఏడేసి చొప్పున రెండు వరుసలు కనిపించాయి. అది వామనగుంటల పీటేనని మా పెద్ద కాపరి నవ్వుతూ చెప్పాడు, చిన్నప్పుడు తానే ఆడాడట. భూలేఖ్‌లో ప్లాటు 'అబాద్ అజోగ్య అనాబాది' ఖాతాలోనే ఉంది. నా సందేహం ఒక్కటే: ఆటగుంటలు కూడా ఉన్నాయని దరఖాస్తులో రాస్తే, మొత్తం బండే ఇటీవలిదని కొట్టిపారేస్తారేమో?

రాళ్ళబాట

తప్పకుండా రాయండి. రాయకపోతే పరిశీలనకు వచ్చిన అధికారి మొదట చూసేది వాటినే, ఆపైన మీరు చెప్పిన మిగతాదాన్నీ అనుమానిస్తారు. ఒకే బండను వేర్వేరు కాలాలవారు వాడుకోవడం ఇటువంటి చోట్ల మామూలే. రాతి స్వభావాన్నిబట్టి అది డోలరైట్ కావచ్చునని నా ఊహ, చేతిలోకి తీసుకుని చూడకుండా రూఢిగా చెప్పను. ఒక చిక్కు మాత్రం ఉంది. వ్యాపారంలో ఇటువంటి రాతిని నల్లగ్రానైటు అంటారు, దానికి గిరాకీ ఎక్కువ. సున్నం గుర్తులు మీ బండ చుట్టూనే ఎందుకు పడ్డాయో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. చుట్టుపక్కల పొలం దున్నేటప్పుడు నున్నని రాతి గొడ్డళ్ళు ఏమైనా తగిలాయేమో రైతులను అడగండి. ఎవరి ఇంట్లోనైనా అటువంటిది ఉంటే ఫొటో తీసి, ఏ చేనులో దొరికిందో రాసి, వస్తువును వారి దగ్గరే ఉంచండి.

జయపురం నుంచి

ఖాతా అదే అయితే ఆలస్యం చేయవద్దు. పల్లీసభ తీర్మానంలో ప్లాటు నంబరు, ఖాతా నంబరు, నాలుగు హద్దులు తప్పక ఉండాలి, కొండ పేరు ఒక్కటే రాస్తే వేరే కొండ అని వాదించగలరు. సమావేశానికి వచ్చినవారి సంతకాలు, వేలిముద్రలు తీర్మానం ఉన్న పుస్తకంలోనే తీసుకోండి, విడికాగితాల మీద వద్దు. దరఖాస్తు ఒడియాలో ఉంటే మంచిది. తెలుగులో ముసాయిదా రాసి నాకు వ్యక్తిగత సందేశంగా పంపండి, నేను ఒడియాలోకి మార్చి ఇస్తాను. కలెక్టరు కార్యాలయంలో ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి, మిగతా రెండు కార్యాలయాలకు స్పీడ్ పోస్టులో పంపండి. సోమవారం జరిగే ఉమ్మడి ఫిర్యాదుల విచారణలో సర్పంచినే ముందు నిలబెట్టి దరఖాస్తు ఇప్పించండి, మీరు ప్రభుత్వోద్యోగి కనుక వెనక ఉండడమే క్షేమం.